గుడి ప్రొఫైల్

లాప్‌టాప్ మీద పసుపు నీళ్ళు చల్లవచ్చా అని లలితకుమారిగారు ఫోన్ చేసి అడిగారు. శ్రీరామనవమికి ముందురోజు సాయంత్రం అది.

"చల్లితే పాడైపోతుందండీ" అన్నాను.

"మరెలాగండీ సదాశివరావుగారూ? మీ ఇంట్లోంచి రావాలాయె. తెచ్చి స్వామి ఎదురుగా పెట్టాలాయె. నాకేమీ పాలుపోవడం లేదు."

ఆవిడ అలా అడగడంలో తప్పేమీ లేదు. ఆ వారంలోనే బాపట్ల దగ్గర మా ఊళ్ళో మా పెదనాన్నగారి అబ్బాయి పోయాడు. నాకు కబురు అందేసరికి దహనం కూడా అయిపోయింది. ఢిల్లీ ద్వారకలో మా ఫ్లాట్లో తలస్నానం చేసి, ఆ తరువాత ఏం చెయ్యాలో తెలియక బాల్కనీలో కూర్చున్నాను. పక్క ఫ్లాటాయన రోజూలాగే నమస్తే అన్నాడు. నేనూ నమస్తే అన్నాను. ఆయనకేం చెప్పను? అన్నయ్యా నేనూ ఒకే అరుగు మీద పెరిగాం. తరువాత పెళ్ళిళ్ళలో తప్ప కలుసుకోలేదు. కూర్చుని ఏడ్చేంత దగ్గరితనం మిగల్లేదు. ఏమీ జరగనట్టు ఆఫీసుకు వెళ్ళి రావడానికి మనసొప్పదు. ఇలాంటి సమయంలో చెయ్యడానికి పెద్దలు ఒకటి ఏర్పాటు చేశారు. అదే మైల. పదో రోజు దాకా దేవుడి దగ్గర దీపం పెట్టను, గుడి గడప తొక్కను, నా చేతి వస్తువు గుళ్ళోకి వెళ్ళకూడదు.

మా సెక్టారులో తెలుగువాళ్ళం చందాలు వేసుకుని కట్టుకున్న చిన్న రామాలయం ఉంది. అక్కడ మడీ ఆచారమూ చూసుకునేది లలితకుమారిగారు. పూజలను ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం చేసే పని నాది. నేను కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కాను. గురుగ్రామ్‌లో ఒక కంపెనీ స్టోర్సులో పని చేస్తాను. ఆ ప్రసారం మొదలుపెట్టింది మా ఆవిడ సరోజ కోసం. తను కేంద్ర ప్రభుత్వ బడిలో టీచరు. నిరుడు వేసవిలో అస్సాంలోని సిల్చార్‌కు బదిలీ అయింది. మాకు పిల్లలు లేరు. ఇక్కడ నేనొక్కణ్ణి, అక్కడ క్వార్టర్స్‌లో తనొక్కతె. శుక్రవారం సాయంత్రం ఇక్కడ పూజ జరుగుతుంటే అక్కడ తను చూస్తుంది. అయ్యాక ఫోన్ చేసి, ఇవాళ అమ్మవారికి ఆకుపచ్చ పట్టు ఎవరిచ్చారు, హారతి ఇస్తుంటే కెమెరాకు అడ్డంగా నిలబడిందెవరు అని అడుగుతుంది. ఆ పూటకు మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. పోనుపోను ఇతరులు కూడా చూడడం మొదలుపెట్టారు. కమిటీవాళ్ళు అది భక్తుల కోసం అనుకుంటారు. అదీ నిజమే.

గుడికి సొంత ఇంటర్నెట్ లేదు. పక్కనున్న సొసైటీ హాలు నుంచి గోడలోంచి ఒక తీగ లాగారు. ఆ తీగలో నెట్ రావాలంటే హాలువాళ్ళు మనకని ఇచ్చిన అడ్రసు, అంటే చుక్కలు పెట్టి రాసే కొన్ని అంకెలు, లాప్‌టాప్‌లో చేత్తో కొట్టాలి. ఇంట్లో కూడా నేను తీగ నెట్టే వాడతాను. అక్కడ ఆ అంకెలు ఉండకూడదు. మొదట్లో గుడి నుంచి వచ్చి వాటిని తీసెయ్యడం మర్చిపోయేవాణ్ణి. సరోజతో మాట్లాడదామని లాప్‌టాప్ తెరిస్తే ఉలుకూ పలుకూ ఉండేది కాదు. నేను ఇల్లు చేరాను, అదింకా గుళ్ళోనే ఉన్నాననుకునేది. నా సంగతి దానికి తలకిందులు. గుళ్ళో ఉన్నంతసేపూ నా మనసు ఇంట్లోనే ఉంటుంది.

ఆ బాధ పడలేక వెతికితే, ప్రొఫైల్స్ మార్చే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. అందులో 'ఇల్లు' అని ఒకటి, 'గుడి' అని ఒకటి తయారుచేసుకున్నాను. ఏది నొక్కితే ఆ ఏర్పాట్లు వాటంతట అవే మారిపోతాయి. విండోస్‌లో ఎక్కడెక్కడో తిరిగి అంకెలు కొట్టే పని తప్పింది.

లలితకుమారిగారి ఫోన్ అయ్యాక అర్చకులు సుధీంద్రగారికి చేశాను.

"నీళ్ళెందుకండీ, యంత్రం పాడవుతుంది. ఒక దర్భ పోచ తాకించి లోపలికి తెమ్మనండి, చాలు" అన్నారాయన.

"అయితే నాకూ ఒక దర్భ తాకించండి స్వామీ, నేనూ వచ్చేస్తాను" అన్నాను, నవ్వులాటకే.

ఆయన నవ్వలేదు. "మీకు పోయినాయన అన్నగారు. దానికి బంధువులెవరున్నారండీ, మైల రావడానికి?"

ఆ మాట నన్ను వదల్లేదు. ఈ ఊళ్ళో నేను ఎవరికీ ఏమీ కాను. పాలవాడి దగ్గర నుంచి ఆఫీసులో కుర్రవాళ్ళ దాకా అందరికీ అంకుల్‌నే. ఎక్కడో ఒకాయన పోతే నా ఇంట్లో దీపం ఆగిపోయిందంటే, నాకూ ఒక వంశం ఉన్నట్టే కదా. ఈ కట్టడి బరువుగా ఉందా ఊరటగా ఉందా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియదు. ఎవరూ అడగలేదు కూడా.

సరోజ మాత్రం ఇంకొకటి అడిగింది.

"మనిద్దరిదీ ఒకటే మైల కదండీ. రేపు కల్యాణం చూడచ్చంటారా?"

"సుధీంద్రగారిని అడిగాను. చూపుకు మైలేమిటి, ఊరేగింపులో స్వామి వీధిలోకి వస్తే మైలవాళ్ళు కళ్ళు మూసుకుంటారా అన్నారు."

"అమ్మయ్య. అయితే చూస్తా. పెళ్ళయినప్పటి నుంచీ ఏ నవమికీ నాకు కల్యాణం తప్పలేదు. ప్రతి ఏడూ పీటల మీద కూర్చున్నాం. ఈసారి పీటలూ లేవు, మీరూ లేరు, గుడీ లేదు. తలంబ్రాలు పోస్తుంటే చూస్తే చాలు నాకు. అది ఒక్కటీ తప్పిపోకుండా చూడండి."

"తప్పదులే" అన్నాను.

నవమి పొద్దున్నే లాప్‌టాప్ గుడికి తీసుకెళ్ళడానికి శివకుమార్ వచ్చాడు. అతనిది వరంగల్. గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. మనిషి సరదా అయినవాడు. నేను లాప్‌టాప్ సంచిని తలుపు బయట పెట్టి లోపలే నిలబడ్డాను. అతను జేబులోంచి దర్భ పోచ తీసి లాప్‌టాప్‌కు తాకించాడు.

"యాంటీవైరస్ అయిపోయింది అన్నా" అన్నాడు.

"ముందు అరలో అడాప్టరు ఉంది బాబూ. లాప్‌టాప్‌కు తీగ పెట్టే చోటు లేదు కదా, మధ్యలో అది ఉండాలి. ఒక కొస లాప్‌టాప్‌లో, రెండో కొస గోడ తీగకు. తరువాత 'గుడి' అని నొక్కు. అంతే."

"గంతేనా? రోజూ వంద సర్వర్లు సూస్త నేను. నువ్వు నిమ్మలంగ ఉండు."

అతను వెళ్ళాక ఇల్లు మరీ ఖాళీగా అనిపించింది. ఆ సంచి లేని బల్ల ఒకటి, దీపం లేని దేవుడి అలమర ఒకటి. కాసేపు అటూ ఇటూ తిరిగి, చెప్పులు వేసుకుని గుడి దాకా నడిచాను. లోపలికి వెళ్ళకూడదు గానీ రోడ్డు మీద నిలబడకూడదని లేదు. గేటుకు ఎదురుగా, రోడ్డు ఇవతల బూరుగ చెట్టు కింద నిలబడ్డాను. ఎర్రటి పూలు గులకరాళ్ళలాగా కార్ల మీద టపటపా రాలుతున్నాయి. చిన్న చిన్న ఆడపిల్లలు తలకు ఎర్ర చున్నీలు కట్టుకుని, పూరీ, శనగలు, హల్వా పెట్టిన ప్లేట్లు పట్టుకుని ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పరుగెడుతున్నారు. ఇక్కడివాళ్ళకు ఆ రోజు కన్యాపూజ. మూలమీద ఎవరో భండారా పెట్టారు. వచ్చేపోయే వాళ్ళందరికీ ఆకు దొన్నెల్లో ప్రసాదం పంచుతున్నారు.

"అంకుల్ జీ, ప్రసాద్ లీజియే" అంటూ ఒకాయన నా దగ్గరికి వచ్చాడు.

"నహీ భాయీ. ఘర్ మే సూతక్ హై" అన్నాను, ఇంట్లో మైల అని.

"ఓహో" అని ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళి కాగితపు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి, పక్కనున్న పిట్టగోడ మీద పెట్టి దూరంగా జరిగాడు. "పానీ తో పీజియే. పానీ కా క్యా సూతక్?" అన్నాడు, నీళ్ళకు మైలేమిటని. నా భాష రాని మనిషికి నా మైల తెలుసు. ఆ నీళ్ళు తాగాను.

లోపల సన్నాయి మొదలైంది. అప్పుడే ఫోన్ మోగింది. శివకుమార్.

"అన్నా, నొక్కిన. పచ్చ టిక్కు వచ్చింది. నెట్ మాత్రం వస్తలేదు."

"ఒకసారి 'ఇల్లు' నొక్కి మళ్ళీ 'గుడి' నొక్కు."

"పొద్దుగాల సంది గదే చేస్తున్న. ఇంట్లకు పోవుడు, గుళ్ళెకు వచ్చుడు. మోకాళ్ళు పీక్తున్నయ్ దానికి."

"తీగ సరిగ్గా పట్టిందా?"

"లైటు మిణుక్కుమంటుంది. తీగ మంచిగనే ఉన్నది."

"అయితే ఆ సాఫ్ట్‌వేర్ మూసేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అని మళ్ళీ తెరువు. ఆ అధికారం లేకపోతే టిక్కు పెడుతుంది గానీ పని చెయ్యదు. నాకు ఒకసారి అలా అయింది."

"పాస్‌వర్డ్ అడుగుతుంది."

నేను ఇటూ అటూ చూశాను. "సరోజ. ఇంగ్లీషులో, అన్నీ చిన్న అక్షరాలు. పక్కనే ఏడు ఎనిమిది ఎనిమిది, సున్నా సున్నా ఒకటి."

"గిదేం నంబర్ అన్నా?"

"సిల్చార్ పిన్‌కోడ్."

"అన్నా, ఫోన్ స్పీకర్ల ఉన్నది. ఇక్కడ ఆంటీలందరు వినిన్రు."

వెనకాల నవ్వులు వినబడ్డాయి. నాకు చెవులు వేడెక్కాయి. కానీ అంతమంది నవ్వుతుంటే ఆ నవ్వుల పక్కనే ఉండాలనిపించింది. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవాలని మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచినా అదే వరస. పచ్చ టిక్కు వస్తుంది, నెట్ రాదు. లాప్‌టాప్‌ను ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టమన్నాను. ఆ లోపల సరోజ నుంచి మెసేజ్ వచ్చింది: "ఇక్కడ చక్రం తిరుగుతూనే ఉంది. మొదలైందా?"

"మొదలైంది. చిన్న చిక్కు. చూస్తున్నాం" అని రాశాను.

"మీకు మంత్రాలు వినబడుతున్నాయా?"

"మైకులో వినబడుతున్నాయి."

"అయితే మీ ఫోన్‌లోంచి నాకు వినిపించండి. బొమ్మ లేకపోతే పోయె."

వినిపించాలనే ఉంది. కానీ ఆ ఫోన్ శివకుమార్‌కు కావాలి. చేతిలో ఒకటే ఫోన్. సరోజకు వినిపిస్తే శివకుమార్ దారి మూసుకుపోతుంది, తలంబ్రాలు కూడా తనకు కనబడవు. "ఆగు" అని మాత్రం రాశాను. లోపల సంకల్పం అయిపోయి గోత్రాలు చదువుతున్నారు. రాముడిది వాసిష్ఠ గోత్రం అనీ, సీతమ్మది గౌతమ గోత్రం అనీ మైకులో వినబడుతోంది. దేవుళ్ళకు కూడా తాత ముత్తాతల పేర్లు చెప్పాకే పెళ్ళి.

మళ్ళీ ఫోన్.

"రీస్టార్ట్ అయింది. సేమ్. అన్నా, నా ఫోన్ల లైవ్ పెడ్దామని చూసిన. గీ మందిల మాట పోతుంది గాని వీడియో పోతలేదు. జీలకర్ర బెల్లం పెడ్తున్నరు."

"సరే. ఇక ఆ సాఫ్ట్‌వేర్ని నమ్మద్దు. విండోస్‌లో నెట్‌వర్క్ కనెక్షన్లు తెరువు. ఏమేం బొమ్మలున్నాయో చెప్పు."

"వైఫై ఒకటి. ఈథర్‌నెట్ త్రీ ఒకటి."

"త్రీ కాదు, టూ."

"త్రీయే అన్నా. కండ్లు మంచిగనే ఉన్నయ్. టూ అన్నది లేనే లేదు."

నాకు అర్థం కాలేదు. నా అడాప్టరు పేరు ఈథర్‌నెట్ టూ. కొన్న రోజు నుంచీ అదే. కొత్త వస్తువు తగిలిస్తే తప్ప విండోస్ ఇంకో అంకె వెయ్యదు. అప్పుడు తట్టింది.

"శివా, అక్కడ పెట్టింది నా అడాప్టరేనా?"

ఫోన్‌లో సన్నాయి గట్టిగా వినబడింది. బదులు లలితకుమారిగారి దగ్గర నుంచి వచ్చింది.

"సదాశివరావుగారూ, మీరేమీ అనుకోవద్దు. లాప్‌టాప్ అంటే వేరే గతి లేక దర్భ తాకించి పెట్టుకున్నాం. ఈ బుల్లిదయితే ఫోన్‌లో ఆర్డరిస్తే పది నిమిషాల్లో గేటు దగ్గరికి తెచ్చిచ్చాడండీ. కొత్తది దొరుకుతుండగా ఎందుకులే అని నేనే శివకుమార్‌కు చెప్పాను. మీతో అంటే నొచ్చుకుంటారని చెప్పొద్దన్నాను. మీది సంచిలోనే పెట్టి వాచ్‌మన్‌కు ఇచ్చాం."

రోడ్డుకు అటువైపు చూశాను. గేటు పక్కన వాచ్‌మన్ కుర్చీ, దాని కింద నా నల్ల సంచి. ఇంతసేపూ నా కళ్ళ ముందే ఉంది. ఇంటికి తిరిగి తీసుకెళ్ళే ఖాళీ సంచి అనుకున్నాను.

చిక్కేమిటో ఇప్పుడు తెలిసింది. నేను తయారుచేసిన 'గుడి' ప్రొఫైల్‌లో ఈథర్‌నెట్ టూ పేరు రాసి ఉంది. నొక్కినప్పుడల్లా ఆ సాఫ్ట్‌వేర్ అక్కడ లేని అడాప్టరుకు అడ్రసు ఇచ్చి, పని అయిందని టిక్కు పెడుతోంది. ఎదురుగా ఉన్న కొత్తదాని వైపు చూడడం లేదు. దాని తప్పు లేదు. నేను చెప్పింది అంతే.

ఈసారి శివకుమార్ గొంతు తగ్గించి మాట్లాడాడు. "అన్నా, సారీ. ఒక్క నిమిషం పని. గేటుకాడికి ఉరుకుతా, నీది తెచ్చి పెడ్త. ఖతం."

అది నిజమే. నా అడాప్టరు పెడితే మరుక్షణం నెట్ వస్తుంది. వెనక నుంచి లలితకుమారిగారు, "మీరెలా చెప్తే అలాగండీ" అన్నారు.

నా ఒక్క మాట చాలు. సరోజ అక్కడ ఎదురుచూస్తోంది. కానీ ఆ అడాప్టరు లోపలికి వెళ్తే, కల్యాణం అయ్యేదాకా లలితకుమారిగారి కళ్ళు స్వామి మీద ఉండవు, దాని మీదే ఉంటాయి. రేపు ఏ చిన్న అపశ్రుతి జరిగినా ఆవిడకు అదే గుర్తొస్తుంది. అంతకంటే ముందు, నేనే ఇంట్లో దీపం ఆర్పుకుని కూర్చున్నాను కదా. నేను గేటు దాటనిది దేనికి? నేను దాటకూడదు గానీ నా చేతి వస్తువు దాటవచ్చునా? ఏది శాస్త్రమో ఏది మన భయమో నాకు తేల్చి చెప్పే చదువు లేదు. నాకు తెలిసిందల్లా, ఒకరి మనసు కలతపెట్టి చేసే కల్యాణం సరోజకు చూపించాలని లేదు.

"వద్దు. కొత్తదానితోనే చేద్దాం. ఈథర్‌నెట్ త్రీ మీద కుడి బటను నొక్కి ప్రాపర్టీస్ తెరువు. అంకెలు చెప్తాను, చేత్తో కొట్టు."

లోపల ఏదో హడావుడి. నేను అంకెలు చెబుతున్నాను, అతను తిరిగి చదువుతున్నాడు. సగంలో గట్టిమేళం మోగింది. డోలు దబదబా మోగుతుంటే చుట్టుపక్కల బాల్కనీల్లోకి జనం వచ్చి చూశారు. మాంగల్యధారణ. మా మాటలు మాకే వినబడలేదు. ఇద్దరం ఆగిపోయాం. చెప్పులు విడిచి, చెట్టు కింద నిలబడే చేతులు జోడించాను. సరోజకు అది పోయింది.

మేళం తగ్గాక చివరి అంకెలు చెప్పాను. "ఓకే నొక్కు."

"నొక్కిన. అన్నా, ఏందో అడుగుతుంది."

"ఏమంటుంది?"

అతను తాపీగా చదివి చెప్పాడు. "ఈ అడ్రస్ ఇంతకుముందే ఇంకో అడాప్టర్‌కు ఇచ్చి ఉన్నదట. ఆ అడాప్టర్ ఇప్పుడు ఈ కంప్యూటర్‌ల లేదట. లేనిదాని పేరు మీదికెల్లి తీసెయ్యాల్నా అని అడుగుతుంది. యెస్‌నా, నోనా?"

నా అడాప్టరు గేటు దగ్గర సంచిలో ఉంది. లోపల మాత్రం, ఎవరికీ కనబడని చోట, దాని పేరు మీద ఒక స్థలం ఇంకా అలాగే ఉందన్నమాట. మా ఊళ్ళో ఇంటి పన్ను కాగితం ఇకముందు కూడా అన్నయ్య పేరు మీదే వస్తుంది. ఎవరో ఒకరు వెళ్ళి తీసెయ్యమని చెప్పాలి. నో అంటే ఏమవుతుందో, అన్నా కూడా పని నడుస్తుందేమో, నాకు తెలియదు. తెలుసుకునేంత వ్యవధి లేదు.

"అన్నా? తలంబ్రాల పళ్ళాలు తెస్తున్నరు."

"యెస్ కొట్టు."

కొట్టాడు. ఆ తరువాత అతను గట్టిగా, "వచ్చింది, వచ్చింది" అని అరిచాడు. వెంటనే ఎవరో, "ఇది గుడి నాయనా, నెమ్మదిగా" అన్నారు.

ఫోన్ పెట్టేశాను. అదే నిమిషంలో సరోజ నుంచి ఒక్క మాట వచ్చింది: "కనబడుతోంది."

నేను కూడా నా ఫోన్‌లో తెరిచాను. ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తే చిన్న బొమ్మ. సుధీంద్రగారు స్వామి చేతుల మీదుగా పసుపు బియ్యం అమ్మవారి మీద పోస్తున్నారు. గేటులోంచి సందడి ముందు వినబడుతోంది, ఫోన్‌లోకి కొంచెం ఆగి వస్తోంది. సరోజకు ఇంకా జరగనిది నాకు అప్పటికే జరిగిపోతోంది. నేను ఫోన్ మూసేసి, వినబడినంత విన్నాను.

కల్యాణం అయ్యాక లలితకుమారిగారు గేటు దాకా వచ్చారు. పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని, నుదురంతా చెమట. ఆవిడ లోపల, నేను బయట.

"మీకు చెప్పకుండా చెయ్యడం బాగాలేదండీ" అన్నారు.

"అడిగి ఉంటే కొత్తది తెప్పించమని నేనే చెప్పేవాణ్ణండీ. దాన్ని ఒకసారి ఇంట్లో పెట్టి చూసి, ప్రొఫైల్‌లో పేరు మార్చి పంపేవాణ్ణి."

"మీ ఇంట్లో పెట్టి చూస్తే మళ్ళీ మొదటికే కదండీ" అన్నారావిడ. అని, నాలుక కరుచుకున్నారు. ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఆవిడ వెళ్ళబోయి ఆగారు. "పోయినాయన మీకంటే పెద్దా? ఈ గొడవలో పడి ఆయన పేరు కూడా అడగలేదు నేను."

చెప్పాను. ఆవిడ ఆ పేరు ఒకసారి తనలో అనుకుని లోపలికి వెళ్ళారు. ఈ ఊళ్ళో అన్నయ్య పేరు నేను బయటికి చెప్పడం అదే మొదలు.

వాచ్‌మన్ దగ్గర సంచి తీసుకుని మళ్ళీ చెట్టు కిందికి వచ్చి సరోజకు ఫోన్ చేశాను.

"చూశావా?"

"చూశా. ఒక దోసెడు తలంబ్రాలు కెమెరా మీద కూడా పడ్డాయి. ఎవరో 'అయ్యో లెన్సు' అన్నారు."

"శివకుమారే అయ్యుంటాడు. మాంగల్యం దొరకలేదు నీకు."

"పోనీలెండి. అడిగింది దొరికిందిగా." మళ్ళీ తనే, "అంత బాగా ఏమీ కనబడలేదు లెండి" అంది.

"అదేమిటి? నెట్ సరిగా లేదా అక్కడ?"

"నెట్ బాగానే ఉంది. పక్క క్వార్టర్ బెంగాలీ ఆవిడ చేత లాప్‌టాప్ దేవుడి గదిలో పెట్టించాను. కల్యాణం అంటే అక్కడే కదా పెట్టాలి. మరి ఆ గదిలోకి నేను వెళ్ళకూడదాయె. గుమ్మం బయట చాప వేసుకుని కూర్చున్నా. అంత దూరం నుంచి రాముడెవరో సీతెవరో ఏం తెలుస్తుంది? పచ్చగా ఏదో పోస్తున్నట్టు కనబడింది. అవే తలంబ్రాలు అనుకుని దణ్ణం పెట్టుకున్నా."

"ఒళ్ళో పెట్టుకుని చూడాల్సింది సరోజా. చూపుకు మైల లేదని చెప్పారని చెప్పాగా."

"చెప్పారు. ఏమో, కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. మీరు మాత్రం ఎక్కడి నుంచి చూశారు?"

"రోడ్డు మీద నుంచి."

"మరి నన్నంటారే" అంది.

అటు నుంచి రేకుల మీద చినుకులు పడుతున్న చప్పుడు మొదలైంది.

"అమ్మో, వాన. బట్టలన్నీ ఆరేసి ఉన్నాయి" అంటూ లేచి పరుగెత్తింది. ఫోన్ చాప మీదే వదిలేసినట్టుంది. దూరంగా తలుపు చప్పుడు, క్లిప్పులు బకెట్లో పడుతున్న చప్పుడు, తరువాత వాన ఒక్కటే. తను తిరిగి వచ్చి ఫోన్ తీస్తుందేమోనని చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. భండారాలో గిన్నెలు కడుగుతున్నారు. నా చుట్టూ ఎండ మండిపోతోంది. చాలాసేపు సిల్చార్ వాన విన్నాను.